తెల్లబడటానికి కాదు, మెత్తబడటానికి

నా చర్మం నలుపు. చామనఛాయ కాదు, గోధుమ వన్నె కాదు, 'ఫొటోలో అలా పడింది గానీ' అనే రకం కూడా కాదు. నలుపే. ముట్టుకుంటే మాత్రం మెత్తగా, నున్నగా ఉంటుంది. రంగు మా అమ్మమ్మ నుంచి వచ్చింది. మెత్తదనం మాత్రం రోజుకి పది నిమిషాలు పెట్టి నేను సంపాదించుకున్నది.

చిక్కేంటంటే, ఈ పది నిమిషాల సంగతి తెలిసినవాళ్లంతా ఒకటే ప్రశ్న అడుగుతారు. "ఏం రాస్తున్నావ్? తెల్లబడటానికా?" ఆఫీసులో పక్క సీటు అమ్మాయి అడిగింది. పెళ్లిలో కలిసిన పిన్ని అడిగింది. మెడికల్ షాపులో మాయిశ్చరైజర్ అడిగితే, కౌంటర్ వెనకున్న అబ్బాయి నా ముఖం చూసి తనంతట తనే ఫెయిర్‌నెస్ క్రీమ్ తీసి ముందు పెట్టాడు. తెల్లగా ఉన్న అమ్మాయి లోషన్ రాసుకుంటే 'స్కిన్ కేర్' అంటారు. నల్లగా ఉన్న అమ్మాయి రాసుకుంటే 'పాపం, ప్రయత్నిస్తోంది' అంటారు.

అందుకే నేను ఏం చేస్తానో, ఎందుకు చేస్తానో మొత్తం రాసేస్తున్నా. మీ రంగు కూడా నాలాంటిదే అయితే మీకు పనికొస్తుంది. కాకపోయినా, ఈసారి మీ ఫ్రెండ్‌ని ఆ ప్రశ్న అడగకుండా ఉంటారు.

అమ్మమ్మ నలుగు

మాది కాకినాడ. చిన్నప్పుడు ఆదివారం వచ్చిందంటే పెరట్లో కాగు నిండా నీళ్లు మరిగేవి. అమ్మమ్మ నన్ను పీట మీద కూర్చోబెట్టి, గోరువెచ్చటి నువ్వుల నూనె ఒంటికి పట్టించేది. అరగంట ఆగాక నలుగు. పెసరపిండి, కాస్త బియ్యప్పిండి, చిటికెడు పసుపు, ఎండబెట్టి దంచిన నారింజ తొక్కలు, కచ్చూరాలు, ఇవన్నీ కలిపి సీసాలో ఉంచేది. చివర్న తలకి కుంకుడు రసం. అది కళ్లలో పడిందంటే వీధి చివరిదాకా నా ఏడుపు వినపడేది.

ఓసారి పక్కింటావిడ గోడ మీంచి చూస్తూ, "ఎంత రుద్దితే మాత్రం బొగ్గు తెల్లబడుతుందా పిన్నిగారూ" అంది, నవ్వుతూనే. అమ్మమ్మ చెయ్యి ఆగలేదు. "తెల్లబడటానికి కాదమ్మా. పిల్ల ఒళ్లు మెత్తగా ఉండాలని" అంది. అప్పటికి నాకు తొమ్మిదేళ్లు. బొగ్గు అన్న మాట అర్థమైంది, బాధేసింది. అమ్మమ్మ అన్న మాట అర్థం కావడానికి ఇంకో పదిహేనేళ్లు పట్టింది.

ఇంట్లో అందరూ అమ్మమ్మలా ఉండరు కదా. మా అమ్మకి నా రంగు ఒక దిగులు. తనదీ అదే రంగు, అందుకే ఇంకా ఎక్కువ దిగులు. ఎండలో ఆడుకోవద్దు, నేరేడు రంగు బట్టలు వేసుకోవద్దు, కాఫీ తాగితే నల్లబడతావు. కాఫీకీ చర్మం రంగుకీ ఏ సంబంధమూ లేదని తనకి ఇప్పటికి ఓ వందసార్లు చెప్పి ఉంటాను.

అమ్మ ఒక్కదాన్నీ అనడానికి లేదు. ఈ దేశంలో ఫెయిర్ అండ్ లవ్లీ 1975లో మార్కెట్లోకి వచ్చింది. అంటే అమ్మ పెరిగిందంతా ఆ ప్రకటనల మధ్యే. నల్లగా ఉన్న అమ్మాయికి ఉద్యోగం రాదు, పెళ్లికొడుకు రాడు, క్రీమ్ రాస్తే రెండూ వస్తాయి. రంగు తక్కువైనవాళ్లని తక్కువగా చూపించకూడదని ప్రకటనల స్వీయ నియంత్రణ సంస్థ ఆస్కీ మార్గదర్శకాలు తెచ్చింది 2014లో. ఆ క్రీమ్ పేరులోంచి 'ఫెయిర్' తీసేసి 'గ్లో' పెట్టింది 2020లో. అప్పటికి మా అమ్మ మనసులో ఆ మాట పాతుకుపోయి నలభై ఏళ్లయింది.

కాళ్ల మీద తెల్ల గీతలు

ఉద్యోగానికని హైదరాబాద్ వచ్చిన మొదటి డిసెంబర్‌లో నా కాళ్లు నావి కాదనిపించాయి. కాకినాడలో సముద్రం గాలి, ఏడాది పొడుగునా తేమే. ఇక్కడ చలికాలం గాలిలో తడే ఉండదు. పిక్కల మీద బూడిద పూసినట్టు తెల్లటి పొర. గోరుతో గీస్తే పలక మీద రాసినట్టు గీత పడేది. చిన్నప్పుడు స్కూల్లో అలా కాళ్ల మీద పేర్లు రాసుకుని ఆడుకున్న బ్యాచ్ మాది. మీరు కూడా రాసుకునే ఉంటారు.

ఇలా మనకే ఎందుకు అవుతుందని చదవడం మొదలుపెట్టా. తెలిసిందేంటంటే, పొడిబారడం అన్ని రంగుల చర్మానికీ ఉంది. పొడిబారినప్పుడు పైపొరలో చచ్చిపోయిన కణాలు పొట్టులా లేస్తాయి. వాటి మీద పడ్డ వెలుతురు చెల్లాచెదురై తెల్లగా కనిపిస్తుంది. తెల్ల గోడ మీద సుద్ద పొడి కనపడదు, నల్ల బోర్డు మీద కనపడుతుంది. అంతే తేడా.

ఇంకో సంగతి నాకు బాగా నచ్చింది. రంగుని తయారుచేసే మెలనోసైట్ కణాలు మనుషులందరిలోనూ దాదాపు ఒకే సంఖ్యలో ఉంటాయట. తేడా అంతా అవి తయారుచేసే మెలనిన్ రేణువులు ఎంత పెద్దవి, ఎన్ని, చర్మంలో ఎలా పరుచుకున్నాయి అన్న దాంట్లోనే. అది పుట్టుకతో వచ్చిన లెక్క. ఏ క్రీమూ ఆ లెక్కని శాశ్వతంగా మార్చలేదు. పైగా ఆ మెలనిన్ ఎండలోని అతినీలలోహిత కిరణాల నుంచి కొంత కాపాడుతుంది కూడా.

కాకపోతే ఈ చర్మానికి ఒక స్వభావం ఉంది. దెబ్బ తగిలితే మర్చిపోదు. మొటిమ, దోమకాటు, వ్యాక్సింగ్ మంట, గట్టిగా రుద్దిన రాపిడి, ఏది జరిగినా ఆ చోట మెలనిన్ ఎక్కువగా తయారై నల్ల మచ్చ మిగులుతుంది. తెల్ల చర్మం మీద వారంలో పోయే దోమకాటు గుర్తు, నా కాలి మీద నెలల తరబడి ఉంటుంది. కాబట్టి మన చర్మానికి మొదటి సూత్రం ఒకటే. దాన్ని రెచ్చగొట్టకూడదు. ఇది గుర్తుంటే కింద రాసినవన్నీ వాటంతట అవే అర్థమవుతాయి.

స్నానం దగ్గరే సగం పని

నీళ్లు గోరువెచ్చగా ఉండాలి, పొగలు కక్కేలా కాదు. వేడి నీళ్లు చర్మంలో ఉన్న కాస్త నూనెనీ కడిగేస్తాయి. చలికాలంలో ఇది కష్టమే. అందుకే నేను స్నానం ఐదారు నిమిషాల్లో ముగిస్తా.

సబ్బు విషయానికొస్తే, మామూలు సబ్బుల పీహెచ్ 9, 10 దాకా ఉంటుంది. చర్మానిది 5 చుట్టుపక్కల. రోజూ ఒళ్లంతా సబ్బు రుద్దితే చర్మం బిగుసుకుపోయినట్టు అనిపించేది అందుకే. నేను చంకలు, గజ్జలు, పాదాలు లాంటి చెమట పట్టే చోట్ల మాత్రమే సబ్బు వాడతా. చేతులకీ కాళ్లకీ సోప్ ఫ్రీ అని రాసి ఉన్న క్లెన్సర్, అది కూడా రోజు మార్చి రోజు. సబ్బే కొనుక్కుంటానంటే రేపర్ మీద టీఎఫ్ఎం అని ఒక శాతం ఉంటుంది, చూడండి. 76 శాతం, ఆపైన ఉంటే గ్రేడ్ 1 టాయిలెట్ సోప్. పక్కన గ్లిజరిన్ కూడా ఉంటే ఇంకా మంచిది.

అమ్మమ్మ నలుగు మానలేదు. వారానికి ఒక్కసారి, ఆదివారం. పిండి జల్లించి మెత్తగా ఉండేలా చూసుకుంటా, పెరుగులో కలుపుతా, ముందు నూనె రాసుకున్నాకే పెడతా. నూనె ఉంటే పిండి జారుతుంది, గీరుకోదు. అమ్మమ్మ ఆ వరసని ఎక్కడా చదువుకోలేదు, అయినా సరిగ్గానే పెట్టుకుంది. బీర పీచు ఉంది గానీ, నీళ్లలో బాగా నానాక అరికాళ్లకి మాత్రమే. వీపుకీ భుజాలకీ నైలాన్ పీచు పెట్టి ఏళ్ల తరబడి బరాబరా రుద్దేవాళ్లకి అక్కడ అలలు అలలుగా నల్లబడటం మీరు చూసే ఉంటారు. అది మురికి కాదు, రాపిడి. మురికి అనుకుని ఇంకా రుద్దుతారు, ఇంకా నల్లబడుతుంది.

మూడు నిమిషాల లోపు

నా మొత్తం రొటీన్‌లో ఒక్కటే ఉంచుకోమంటే దీన్నే ఉంచుకుంటా. తువ్వాలుతో ఒత్తుకుని, ఇంకా చర్మం తడిగా ఉన్నప్పుడే, అంటే మూడు నిమిషాల లోపు మాయిశ్చరైజర్ రాసేయాలి. ఆరిపోయాక రాస్తే పైన రాసినట్టే ఉంటుంది. తడి మీద రాస్తే ఆ తడి లోపలే ఉండిపోతుంది.

ఏది రాయాలి? లేబుల్ మీద నేను చూసేవి మూడే. గ్లిజరిన్ నీటిని పట్టి ఉంచుతుంది. సెరమైడ్స్ చర్మం పైపొరకి ఇటుకల మధ్య సిమెంట్ లాంటివి. పెట్రోలియం జెల్లీ, షియా బటర్ లాంటివి మూత పెట్టినట్టు పనిచేస్తాయి. 'వైటెనింగ్', 'బ్రైటెనింగ్' అని పెద్దక్షరాల్లో ఉంటే సీసా మళ్లీ అక్కడే పెట్టేస్తా. సువాసన ఎంత తక్కువైతే అంత మేలు, ఎందుకంటే కొంతమందికి ఆ సెంట్లే దురద తెప్పిస్తాయి. దురద వస్తే గోకుతాం, గోకితే మచ్చ.

కొబ్బరి నూనె రాసుకుంటే చాలదా అని అమ్మ అడుగుతుంది. నూనె చర్మానికి కొత్తగా నీరు ఇవ్వదు, ఉన్న నీటిని పోనివ్వకుండా ఆపుతుంది. కాబట్టి తడి ఒంటి మీద రాస్తే నూనే బాగా పనిచేస్తుంది. బడ్జెట్ లేనివాళ్లకి నేను చెప్పేది ఇదే. స్నానం అయిన వెంటనే, తడి మీద, నాలుగు చుక్కలు. మొటిమలు వచ్చే వీపుకీ ముఖానికీ మాత్రం వద్దు.

కాలాన్ని బట్టి మార్చుకోవాలి. హైదరాబాద్ డిసెంబర్‌కి చిక్కటి క్రీమ్. మే నెలలో కాకినాడ ఉక్కపోతలో అదే క్రీమ్ రాస్తే చెమటకాయలు లేస్తాయి, అక్కడికి వెళ్లినప్పుడు పల్చటి జెల్ లోషనే నాకు దిక్కు.

మోచేతులు, మోకాళ్లు, మడమలు

మోచేతులూ మోకాళ్లూ మిగతా ఒంటికన్నా ముదురుగా ఉండటం మామూలే. అక్కడ చర్మం మందం, మడతలు ఎక్కువ, రాపిడి ఎక్కువ. టేబుల్ మీద మోచేతులు ఆనించి పనిచేసే మనలాంటివాళ్లకి మరీనూ. అక్కడ నేను వాడేది పది శాతం యూరియా ఉన్న క్రీమ్, రాత్రిపూట. యూరియా అనగానే పొలంలో చల్లే బస్తా గుర్తొచ్చి నవ్వకండి. మన చర్మంలో సహజంగా ఉండే పదార్థమే అది. తేమని పట్టుకుంటుంది, గట్టిపడ్డ పొరని మెత్తబరుస్తుంది.

జబ్బల వెనక కోడి చర్మంలా గరుగ్గా చిన్న చిన్న పొక్కులు ఉంటాయి చూడండి, దాన్ని కెరటోసిస్ పైలారిస్ అంటారు. చాలామందికి ఉంటుంది, ప్రమాదం లేదు, గిల్లితే మాత్రం ఒక్కోటీ ఒక్కో నల్ల చుక్క అవుతుంది. నాకు లాక్టిక్ యాసిడ్ లోషన్ బాగా పనిచేసింది. వారానికి మూడు రాత్రులు. మొదటి నెలలో పెద్ద తేడా లేదు. రెండో నెలలో స్లీవ్‌లెస్ వేసుకుని, నా చేతిని నేనే పదిసార్లు నిమురుకున్నా.

మడమలకి ఇరవై, పాతిక శాతం యూరియా క్రీమ్. పది నిమిషాలు గోరువెచ్చటి నీళ్లలో పాదాలు నానబెట్టి, రాయితో మెల్లగా రుద్ది, క్రీమ్ రాసి నూలు సాక్సులు వేసుకుని పడుకోవడమే. షుగర్ ఉన్నవాళ్లు మాత్రం డాక్టర్‌ని అడక్కుండా ఈ నానబెట్టడాలూ రుద్దడాలూ పెట్టుకోవద్దు. చిన్న గాయం కూడా వాళ్లకి పెద్దదవుతుంది.

చంకల దగ్గర నా నియమం, స్నానం చివర్లో వెంట్రుకలు మెత్తబడ్డాక, కొత్త బ్లేడుతో, వెంట్రుక పెరిగిన దిశలోనే. వెనక్కి గీస్తే నున్నగా వస్తుంది గానీ వెంట్రుక లోపలే మెలితిరిగి పొక్కులవుతాయి. తొడలు ఒరుసుకునే చోట బయటికెళ్లేముందు కాస్త పెట్రోలియం జెల్లీ. దీని గురించి ఎవరూ మాట్లాడరు గానీ, ఎండాకాలం బస్టాప్ దాకా నడిచే ప్రతి అమ్మాయికీ ఈ బాధ తెలుసు.

నల్లగా ఉన్నాం కదా, సన్‌స్క్రీన్ ఎందుకు?

ఇది నాకు చాలా ఎక్కువగా ఎదురయ్యే ప్రశ్న. మెలనిన్ కొంత రక్షణ ఇస్తుంది, నిజమే. పూర్తిగా ఇవ్వదు. తెల్లవాళ్లకి ఎండ తగిలితే ఎర్రగా కాలుతుంది. మనకి మచ్చలు ముదురుతాయి, మంగు వస్తుంది. ఆర్నెల్లు కష్టపడి తగ్గించుకున్న మొటిమ మచ్చ ఒక్క వేసవిలో మళ్లీ పైకొస్తుంది.

ఎస్పీఎఫ్ 30 నాకు చాలు. అది సరిగ్గా రాస్తే యూవీబీ కిరణాల్లో దాదాపు 97 శాతాన్ని ఆపుతుంది. సరిగ్గా అంటే, ముఖానికీ మెడకీ కలిపి రెండు వేళ్ల పొడుగునా. ఎండలో ఉంటే రెండు గంటలకోసారి మళ్లీ. బండి మీద వెళ్లేవాళ్లు చేతుల వెనక భాగం మర్చిపోవద్దు.

జింక్ ఆక్సైడ్, టైటానియం డయాక్సైడ్ ఉన్నవి నల్ల చర్మం మీద తెల్లటి పొరలా కనపడతాయి. నా ముఖం మీద అయితే వినాయక చవితి బొమ్మకి సున్నం వేసినట్టుంటుంది. జెల్ రకం గానీ, లేత గోధుమ రంగు కలిపిన టింటెడ్ రకం గానీ చూసుకోండి. ఆ టింట్ కోసం కలిపే ఐరన్ ఆక్సైడ్స్ మామూలు వెలుతురుని కూడా కొంత ఆపుతాయి. మన రంగువాళ్లలో మంగు ముదరడానికి ఆ వెలుతురు కూడా ఒక కారణమే.

మెడ మీద నలుపు

మా హాస్టల్ రూమ్మేట్ మెడ వెనక నల్లగా, ముట్టుకుంటే ముఖమల్ గుడ్డలా మందంగా ఉండేది. ఇంట్లో చిన్నప్పట్నుంచీ "మెడ కడుక్కోవే" అని తిట్లు. పాపం, రోజూ నిమ్మచెక్కా పంచదారా పెట్టి ఎర్రబడేదాకా రుద్దేది. బేకింగ్ సోడా కూడా అయింది. జడ ఎప్పుడూ వదులుగా వేసుకునేది, మెడ కనపడకుండా.

ఒకరోజు జుట్టు రాలుతోందని స్కిన్ డాక్టర్ దగ్గరికి వెళ్తే, ఆవిడ తలకన్నా ముందు మెడ చూసింది. షుగర్ టెస్ట్ రాసింది. అది మురికి కాదు, అకాంథోసిస్ నైగ్రికాన్స్. చాలామందిలో ఒంట్లో ఇన్సులిన్ సరిగ్గా పనిచేయకపోతే ఇలా మెడ, చంకల్లో చర్మం నల్లగా మందమవుతుంది. రిపోర్టులో ప్రీడయాబెటిస్ అని వచ్చింది. అమ్మాయికి ఇరవై నాలుగేళ్లు.

నడక, తిండి మార్పు, బరువు కొంచెం తగ్గడం, ఏడాది తర్వాత మెడ చాలావరకు మామూలైంది. నిమ్మచెక్క చేయలేని పని నడక చేసింది. నాకు ఇప్పటికీ అనిపిస్తుంది, ఆ మెడని అందరూ 'నల్లపిల్ల మురికి' అని కొట్టిపారేయకుండా ఉంటే ఆ టెస్టు ఎన్నేళ్ల ముందే చేయించేవాళ్లో అని.

నిమ్మరసం సంగతి కూడా చెప్పేస్తా. నిమ్మజాతి పండ్ల రసం చర్మం మీద ఉండగా ఎండ తగిలితే బొబ్బలెక్కి నల్లగా మచ్చలు పడే అవకాశం ఉంది. నిమ్మకాయ పులిహోరకి వాడుకుందాం.

ట్యూబు మీద పేరు చదవండి

మా పెద్దమ్మ కూతురికి పెళ్లి కుదిరింది. నాలుగు నెలలు టైముంది. ఎవరో తెలిసినవాళ్లు చెప్పారని మెడికల్ షాపులో ఓ ట్యూబు కొన్నారు. మూడు వారాల్లో అక్క ముఖం నిజంగానే మెరిసింది. ఇంట్లో పండగ. నాకూ ఒక ట్యూబు కొనిపెట్టింది పెద్దమ్మ, ప్రేమతోనే. నేను వెనక చిన్నక్షరాలు చదివి పక్కన పెట్టేశా. అందులో ఉన్నది మొమెటాసోన్. స్టెరాయిడ్.

పెళ్లినాటికి అక్క ముఖం ఎండలోకి వస్తే మంట. బుగ్గల మీద సన్నటి ఎర్ర నరాలు, చెంపల మీద కొత్తగా వెంట్రుకలు, గడ్డం నిండా మొటిమలు. మానేస్తే ఇంకా మంట, రాస్తే ఉపశమనం. వదిలించుకోవడానికి డాక్టర్ దగ్గర ఏడాదికి పైగా పట్టింది. పెళ్లి ఆల్బమ్ తను ఇప్పటికీ తెరవదు.

డాక్టర్ ఒక జబ్బుకి, ఇన్ని రోజులని రాసిచ్చినప్పుడు ఇవి మంచి మందులే. అందానికి రాసుకునేవి కావు. 2018లో కేంద్ర ఆరోగ్య శాఖ ఇలాంటి స్టెరాయిడ్ క్రీముల్ని షెడ్యూల్ హెచ్‌లోకి తెచ్చింది. అంటే ప్రిస్క్రిప్షన్ లేకుండా అమ్మకూడదు. అయినా దొరుకుతాయి. కాబట్టి మనమే చదువుకోవాలి. బీటామెథాసోన్, మొమెటాసోన్, క్లోబెటసాల్, ఫ్లుయోసినోలోన్. ఈ పేర్లు స్క్రీన్‌షాట్ తీసి పెట్టుకోండి. ఆల్రెడీ నెలల తరబడి వాడుతుంటే ఉన్నట్టుండి మీ అంతట మీరు ఆపేయకుండా స్కిన్ డాక్టర్‌ని కలవండి. పేరూ ఊరూ లేని డబ్బాల్లో వచ్చే తెల్లబరిచే క్రీముల జోలికి అసలే వెళ్లొద్దు, వాటిలో పాదరసం ఉండే ప్రమాదం కూడా ఉంది.

ఫొటో

పోయినేడాది ఒక సంబంధం వచ్చింది. మధ్యవర్తి ఫోన్ చేసి, "అమ్మాయి ఫొటో పంపండి, కాస్త లైటింగ్ బాగున్నది" అన్నాడు. లైటింగ్ అంటే ఏంటో మా ఇంట్లో అందరికీ తెలుసు. అమ్మ నా దగ్గరికొచ్చి మెల్లగా, "ఆ యాప్‌లో కొంచెం... అందరూ చేస్తున్నారు కదే" అంది.

"ఫొటోలో తెల్లగా ఉండి, వాళ్లు ఇంటికొచ్చాక నేను నల్లగా ఉంటే అప్పుడేం చేద్దామమ్మా?" అన్నా. మామిడాకు పచ్చ చీరలో, సాయంత్రం ఎండలో మేడ మీద తీసుకున్న ఫొటో ఉంది. ఏ ఫిల్టరూ లేదు. ఎండకి నా భుజం నూనె రాసిన టేకు చెక్కలా మెరుస్తోంది. నాకు చాలా ఇష్టమైన ఫొటో. అదే పంపించా.

నాలుగు రోజులకి జవాబొచ్చింది. జాతకాలు కుదర్లేదట. జాతకం మేం ఇంకా పంపనే లేదు.

అమ్మ వంటింట్లోకి వెళ్లి చాలాసేపు బయటికి రాలేదు. నాకూ ఏం అనిపించలేదని చెప్తే అబద్ధం. ఇన్ని చదివాను, ఇంత తెలుసు, అయినా గొంతులో ఏదో అడ్డం పడింది. మెలనోసైట్ల లెక్క ఆ పూట పనికిరాలేదు.

రాత్రి స్నానం చేశా. అలవాటుగా చెయ్యి లోషన్ సీసా దగ్గరికి వెళ్లింది. ఒక్క క్షణం అనిపించింది, ఎవరికోసం ఇదంతా అని. మోకాలి మీద రాసుకుంటుంటే జవాబు దొరికినట్టైంది. చల్లగా, మెత్తగా, హాయిగా ఉంది. ఆ హాయి నాకు తెలుస్తోంది. ఫొటో చూసి వద్దన్నవాళ్లకి అది ఎప్పటికీ తెలియదు, వాళ్లకి తెలియాల్సిన అవసరమూ లేదు. పక్కింటావిడకి అమ్మమ్మ ఇచ్చిన జవాబు ఇదే కదా అనిపించింది. రంగు ఎదుటివాళ్ల కళ్లకి కనపడేది. మెత్తదనం ముందు నాకు తెలిసేది.

అమ్మ మడమలు

ఈ సంక్రాంతికి ఇంటికి వెళ్లినప్పుడు అమ్మ కాళ్లు చూశా. మడమలు బీటలు వారి, ఒక చోట రక్తం చార. "ఏంటమ్మా ఇది" అంటే, "ఎప్పుడూ ఉండేదేగా" అంది. నా ముఖం గురించి ఇన్నేళ్లు దిగులుపడ్డ మనిషి, తన ఒంటికి ఒక్కనాడూ ఏమీ రాసుకోలేదు. నల్లగా ఉన్న ఒంటికి ఇంకేం చేస్తాం అనుకుందో, తీరికే లేదో, అడిగితే చెప్పదు.

గిన్నెలో నీళ్లు తెచ్చి కాళ్లు నానబెట్టించా. "కాళ్లు పట్టుకుంటావేంటే, లే" అని వెనక్కి లాక్కుంది. నేను వదల్లేదు. తుడిచి, యూరియా క్రీమ్ రాసి, నాన్న పాత సాక్సులు తొడిగా. రెండు కాళ్లూ చూసుకుని నవ్వుకుంది.

"ఇది రాస్తే ఏమవుతుందే?" అంది.

"మెత్తబడుతుంది."

"అంతేనా?"

"అంతే."

నేను హైదరాబాద్ వచ్చేశాక పదిహేను రోజులకి ఫోన్ చేసింది. కూరగాయల ధరలు, నాన్న బీపీ, ఎదురింటివాళ్ల గృహప్రవేశం, అన్నీ అయ్యాక, పెట్టేసే ముందు అంది. "ఆ ట్యూబు అయిపోయింది. వచ్చేటప్పుడు రెండు పట్రా. మోచేతులకి కూడా రాసుకుంటున్నా."